డబ్బాలో చెంచా

ఇప్పుడు మందుల పరిశోధనలోకి వచ్చే పిల్లలను చూస్తే నాకు కాస్త కుళ్ళుగానే ఉంటుంది. ఒళ్ళో పెట్టుకునే కంప్యూటరు మీద ప్రోటీన్‌ను అటూ ఇటూ తిప్పుతారు, టీ చల్లారేలోపు జవాబు వచ్చేస్తుంది. హిందూపురంలో మాకు ఉన్నది ఒకే ఒక్క యంత్రం. చిన్న బీరువా అంత ఉండేది. దాని కోసం ఏసీ గది, ఏసీ గది కోసం జనరేటరు, జనరేటరు కోసం డీజిలు, డీజిలు కోసం స్టోర్సు గుమాస్తాతో రోజూ తగాదా. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని దాని ముందు కూర్చుంటే అణువులు తెరలోంచి బయటికొచ్చి గాల్లో తేలుతున్నట్టు కనిపించేవి. మా అటెండరు ఒకసారి తలుపు తీసి నన్ను ఆ అద్దాలతో చూసి, "మేడమ్మకు కండ్లకలక వచ్చిండాది" అని క్యాంటీన్లో చెప్పాడు. చాలా రోజులు నా బల్ల దగ్గర ఎవరూ అన్నం తినలేదు.

నాది పెనుకొండ. మా నాయన అక్కడి బజారులో దర్జీ. కెమిస్ట్రీ చదువుకుని, తొంభైల్లో హిందూపురం బయట పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో చేరాను. మా కంపెనీ మాత్రలు చేయదు. మాత్రల్లోకి వెళ్ళే అసలు మందును పొడిగా తయారుచేసి, మాత్రలు చేసేవాళ్ళకు అమ్ముతుంది. ఊళ్ళో దానికి పొడి ఫ్యాక్టరీ అని పేరు. ఇంకొకరు కనిపెట్టిన మందులను వండీ వండీ మా యజమానికి విసుగొచ్చిందో ఏమో, రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో, మనదంటూ ఒక మందు ఉండాలని పట్టుబట్టాడు. నన్ను బెంగళూరు పంపి కంప్యూటరు మీద మందులు గీయడం నేర్పించాడు. తిరిగొచ్చేసరికి ఏసీ గది సిద్ధంగా ఉంది.

మేము ఎంచుకున్నది మగవాళ్ళకు వచ్చే ప్రోస్టేట్ క్యాన్సరు. ఆ జబ్బుకు మగ హార్మోనే తిండి. హార్మోను కణంలోకి వెళ్ళి రిసెప్టరు అనే ప్రోటీన్‌లో ఉన్న గుంతలో కూర్చుంటుంది. అది కూర్చోగానే గుంత మీద మూత పడుతుంది. మూత సరిగ్గా పడితేనే ఆ రిసెప్టరు కణకేంద్రకంలో జన్యువులకు పెరగమని హుకుం జారీ చేస్తుంది. హార్మోను కంటే ముందే ఆ గుంతలో దూరి, మూత పడకుండా అడ్డం పడే అణువును గీయడం నా పని. గుంత ఆకారం ఎలా ఉంటుందో అప్పటికే పై దేశాలవాళ్ళు స్ఫటికాలు పెరిగేట్టు చేసి, ఎక్స్‌రేలతో చూసి, అందరికీ అందుబాటులో పెట్టారు.

యజమాని దగ్గర మీటింగులో రంగురంగుల బొమ్మలు చూపిస్తుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మా, ఈ బొమ్మలొద్దు. నాకు అర్థమయ్యేట్ల చెప్పు."

నేను వెళ్ళి నా అన్నం డబ్బా తెచ్చాను. ఖాళీ డబ్బాలో చెంచా నిలబెట్టి మూత వేశాను. మూత పడలేదు.

"ఇంతే సార్. డబ్బా రిసెప్టరు. చెంచా మన మందు."

"ఇంత పనికి అంత మిషను యాలమ్మా?" అన్నాడాయన. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది గానీ డబ్బు మాత్రం మంజూరైంది.

నేను గీసినదాన్ని ల్యాబులో నిజంగా తయారుచేసేవాడు ఒకతను ఉండేవాడు. రోజూ ధర్మవరం నుంచి ప్యాసింజరులో వచ్చేవాడు గనక మేమంతా అతన్ని ధర్మవరం అనే పిలిచేవాళ్ళం. నేను అదే బండి పెనుకొండలో ఎక్కేదాన్ని. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. చేతిలో గొప్ప నేర్పు ఉంది. నోట్లో అంతకంటే పెద్ద గొప్పలు ఉన్నాయి. "నువ్వు గీయక్కా, గీతకు పొడి నేను తెస్తా" అనేవాడు. నేను గీసినవాటిలో సగం అసలు తయారు కావని తేల్చి, మిగిలిన సగం తయారుచేసి చూపించేవాడు. అతనితో పోట్లాడని రోజు నాకు పని చేసినట్టే ఉండేది కాదు.

అతని నాయన పట్టుచీరలు నేసేవాడు. ఆ ఊరి పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. సేటు పట్టును తూకం వేసి నేతగాడికి ఇస్తాడు. చీర నేసి తెచ్చాక, చీరనూ మిగిలిన పోగులనూ కలిపి మళ్ళీ తూకం వేస్తాడు. తక్కువొస్తే ఎవరూ మొహం మీద దొంగ అనరు. ఇంకోసారి పట్టు ఇవ్వరు, అంతే. వీధి మొత్తానికి సంగతి తెలిసిపోతుంది. ఈ ముసలాయన తెచ్చిన చీరను సేటు తూకం వేయడం ఎప్పుడో మానేశాడట. చేతిలోంచి తీసుకుని నేరుగా బీరువాలో పెట్టేవాడట. ఆ మాట చెప్పినప్పుడల్లా ధర్మవరం రైలు బెంచీ మీద కాస్త నిటారుగా కూర్చునేవాడు.

ఆ ముసలాయనకే ఆ జబ్బు వచ్చింది. నడుము నొప్పి అంటే మగ్గం గుంతలో కూర్చోవడం వల్ల అనుకున్నారు. బెంగళూరు తీసుకుపోయి చూపిస్తే ప్రోస్టేట్ క్యాన్సరు, అప్పటికే ఎముకలకు పాకింది. హార్మోను తయారు కాకుండా ఆపరేషను చేసి, శరీరంలో ఎక్కడో మిగిలిన హార్మోను కూడా పని చేయకుండా రోజూ వేసుకోవడానికి మాత్రలు రాశారు. మూడు నెలలకోసారి తీసుకురమ్మని డాక్టరు చెప్పాడు.

మొదట్లో బాగా తగ్గింది. ముసలాయన మళ్ళీ మగ్గం ఎక్కాడు. దాంతో మా ధర్మవరం బెంగళూరు ప్రయాణం మానేశాడు. ఆ మాత్రలోని మందు పొడిని మా కంపెనీలో ఏళ్ళ తరబడి తన చేత్తో వండినవాడు అతను. "ఆడికి పోతే ఆ డాక్టరు మళ్ళా అదే మాత్ర రాస్తాడు గదక్కా. ఆ మాత్ర సంగతి నాకంటే ఆయప్పకు ఎక్కువ తెల్సునా?" అనేవాడు. మాత్రలు తనే తెచ్చేవాడు, రక్తపరీక్ష తనే చేయించేవాడు, కాగితం తనే చదివేవాడు. మందు తయారుచేయడం వేరు, వైద్యం వేరు అని మా వాళ్ళలో ఎవరికీ తోచలేదు. పొడి ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం కదా, జలుబు చేసినా డాక్టరు దగ్గరికి పోవడం మాకు చిన్నతనం.

ఒకసారి రక్తపరీక్షలో ఆ జబ్బు గుర్తు పెరిగింది. పీఎస్ఏ అంటారు దాన్ని. తర్వాతి పరీక్షలో ఇంకా పెరిగింది. ముసలాయనకు నడుము నొప్పి తిరగబెట్టింది.

కెమిస్టుకు మొదట ఏం అనుమానం వస్తుంది? సరుకు నకిలీదని. ధర్మవరం ఒక మాత్రను నూరి మా ల్యాబులో పరీక్ష పెట్టాడు. కాగితం మీద గీత ఒకే ఒక్క శిఖరంలా లేచింది, అంటే లోపల ఉన్నది ఒకే మందు, పక్కన గడ్డిపరకంత కల్తీ కూడా లేదు. బంగారం లాంటి మందు. ఆ కాగితం నా మొహం ముందు ఊపుతూ, "మాత్రలో తప్పు లేదక్కా. అంటే మా నాయన మింగడంల్యా" అన్నాడు.

ఆ ఆదివారం ఇంటికి పోయి మాత్రల పట్టీలు ముందేసుకుని లెక్కపెట్టాడు. లెక్క సరిపోయింది. సరిపోతే నోరు మూసుకుని లేవాలి కదా! పారేసి ఉంటావని అన్నాడు. వీధి అరుగు మీద, ఇరుగుపొరుగు నేతగాళ్ళు పోగులు అతుక్కుంటూ కూర్చున్నప్పుడు, అందరి ముందరా అన్నాడు. ముసలాయన లోపలికి పోతూ ఒక్క మాట అన్నాడట. "సేటు కూడా నన్ను తూకం ఏసేది నిలిపేసినాడు. నా కొడుకు ఏస్తాండాడు."

ఆ రోజు నుంచి తండ్రి కొడుకుతో మాట్లాడటం మానేశాడు. వేళ తప్పకుండా భార్యను పిలిచి, ఆమె చూస్తుండగా, "మింగినా సూడు, నీ కొడుక్కు చెప్పు" అని మాత్ర వేసుకునేవాడట. ఇదంతా ధర్మవరం రైల్లో నాకు చెప్పేవాడు. "బిడ్డ మాదిరి మొండిపట్టు అక్కా" అని విసుక్కునేవాడు గానీ, చివర్లో కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయేవాడు.

ఈలోగా మా మందు తయారైంది. లేత పసుపు రంగు పొడి. బెంగళూరులో కణాల మీద పరీక్షలు చేసే ల్యాబుకు పంపించాం. మొదటి ఫలితం అద్భుతంగా వచ్చింది. మామూలు రిసెప్టరు ఉన్న కణాల్లో మా మందు హార్మోను పనిని ఆపేసింది. యజమాని ఫ్యాక్టరీ మొత్తానికి బాదుషాలు పంచాడు. స్టోర్సు గుమాస్తా కూడా నాకు నమస్కారం పెట్టాడు, డీజిలు సంగతి ఎత్తకుండా.

రెండో ఫలితం రంజాన్ నెలలో వచ్చింది. ఆ ల్యాబులో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. ధర్మవరం నా పక్కనే ఉన్నాడు. ఫోన్ స్పీకరులో పెట్టాను.

"మేడమ్, ఈసారి రిసెప్టరు కాస్త మారిపోయిన కణాల మీద పెట్టాం. జబ్బు ముదిరిన ఒక రోగి నుంచి తీసిన రకం. వీటిలో మీ మందు కణాలను ఆపడం లేదు. పెంచుతోంది."

"పెంచడమేంటమ్మా? పొరపాటు లేదు కదా?"

"రెండుసార్లు చేశాం మేడమ్. మీ మందే కాదు, పోల్చి చూడ్డానికి పెట్టిన పాత మందు కూడా పెంచింది."

ఆ పాత మందు ధర్మవరం నాయన మింగుతున్న మాత్ర.

నేను వెంటనే యంత్రం ముందు కూర్చున్నాను. ఆ మారిన రిసెప్టరులో తేడా అంతా ఒక్క చోటే. గుంత గోడలో ఒక పెద్ద అమినో ఆమ్లం పోయి దాని స్థానంలో చిన్నది వచ్చింది. ఆ ఒక్కదాన్నీ మార్చి, పాత మందును గుంతలో పెట్టి చూశాను. గుంత కాస్త విశాలమైంది. నిలబడాల్సిన చెంచా హాయిగా పడుకుంది. మీద మూత పడిపోయింది, అచ్చం హార్మోను కూర్చున్నప్పుడు పడ్డట్టే. మందును హార్మోను అనుకుని రిసెప్టరు పని మొదలుపెడుతుంది. అంటే ఇలా మారిన జబ్బుకు ఆ మాత్రే తిండి.

ధర్మవరం కళ్ళద్దాలు అడిగి తీసుకుని పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. అద్దాలు తీయకుండానే అన్నాడు.

"అంటే మా నాయన మింగినాడక్కా. రోజూ మింగినాడు."

  అద్దాలు తీసి బల్ల మీద పెట్టి లేచాడు. ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి మాత్రలు ఆపమంటానన్నాడు.

"ఏమప్పా, బుద్ధి ఉందా నీకు?" అన్నాను.  "నీ నాయన జబ్బు ఇట్లనే మారిందో లేదో మనకేం తెల్సు? తెర మీద బొమ్మ చూసి మందు ఆపుతావా? ఇన్ని దినాలు నువ్వే డాక్టరువైతివి, చాలు. ముందు ఆయన్ను బెంగళూరుకు పిలుచుకోని పో."

"నాతో మాట్లాడడు. నేను పిలిస్తే యాడికీ రాడు."

మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కాం.  పెనుకొండ వచ్చింది, కిటికీలోంచి కొండ కనిపించింది. నేను దిగలేదు. "అక్కా, మీ ఊరు" అన్నాడు. "కండ్లు కనపడతాండాయిలే నాకు" అన్నాను.

మేము వాళ్ళ ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. నేత వీధిలో అన్ని ఇళ్ళ నుంచీ మగ్గాల చప్పుడు వస్తోంది, వీళ్ళ ఇంట్లో తప్ప. మగ్గం మీద సగం నేసిన చీరకు పాత పంచె కప్పి ఉంది. ముసలాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎముకల మీద చర్మం కప్పినట్టున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"కూకో పెద్దాయనా" అన్నాను.

"ఒక్కపొద్దుండావా తల్లీ?" అని అడిగింది ధర్మవరం వాళ్ళమ్మ. రోజాతో వాడిపోయిన నా మొహం చూసి పోల్చుకుంది. మసీదులో బాంగ్ వినపడేసరికి ఎక్కడి నుంచి తెచ్చిందో, రెండు ఖర్జూరాలు, చెంబుతో నీళ్ళు, బొరుగులు నా ముందు పెట్టింది. నేను నీళ్ళు తాగేదాకా ఇంట్లో అందరూ ఆగారు.

ధర్మవరం తండ్రి ముందు కింద కూర్చున్నాడు.  ఏడ్చేశాడు. "నువ్వు మింగినావు నాయనా" అని మాత్రం అనగలిగాడు.

నేనే చెప్పాల్సి వచ్చింది. సంచిలోంచి అన్నం డబ్బా తీశాను. చెంచా నిలబెట్టి, మూత పడకపోవడం చూపించాను. తర్వాత చెంచాను అడ్డంగా పడుకోబెట్టి మూత వేశాను. టక్కున పడింది. "డబ్బా మారిపోయి ఉండొచ్చు పెద్దాయనా. అప్పుడు అదే చెంచా లోపల పడుకుంటాది. మాత్ర మంచిదే, నువ్వు మింగింది నిజమే, అయినా జబ్బు పెరుగుతాది. నిజంగా అట్లే అయిందో లేదో డాక్టరే చెప్పల్ల."

ముసలాయన డబ్బా వైపు ఎక్కువసేపు చూడలేదు. కొడుకు వైపు చూశాడు. ఎన్నాళ్ళ తర్వాతో అతనితో మాట్లాడాడు.

"నిన్నటిదంకా మింగలేదని తిడితివి. ఈ పొద్దు మింగినందుకు ఏడుస్తాండావు. నేనేం జేయల్లరా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బెంగళూరుకు పోదాం రా నాయనా" అన్నాడు ధర్మవరం.

"వస్తా. నువ్వు ఆ పొద్దు నలుగురిలో అంటివి. ఈ పొద్దు నాలుగు గోడల నడుమ చెప్తాండావు. ఇదేం న్యాయం?"

ధర్మవరం కళ్ళు తుడుచుకుని లేచాడు. అరుగు మీదికి పోయి చుట్టుపక్కల వాళ్ళను కేకేశాడు. ఒక్కో ఇంట్లోంచీ మగ్గం చప్పుడు ఆగింది. పది మంది దాకా వచ్చారు. నేను గడప దగ్గర నిలబడ్డాను.

"మా నాయన ఒక్క మాత్ర గూడా తప్పలేదప్పా" అన్నాడు ధర్మవరం. "పారేసినాడని నేనంటి. అది అబద్ధం. తప్పు నాది."

 ఎదురింటాయన గొంతు సవరించుకున్నాడు. "అది మాకు ఆ పొద్దే తెల్సప్పా. మీ నాయన సంగతి మాకు తెలీదా? దీనికోసరం మగ్గాలు నిలిపేయిస్తివి" అన్నాడు. అందరూ వెళ్ళిపోయారు. లోపల ముసలాయన భార్యను కాఫీ పెట్టమన్నాడు.

బెంగళూరు డాక్టరు అన్నీ విని, రక్తపరీక్షల కాగితాలన్నీ చూసి, మాత్ర వెంటనే ఆపేశాడు. "ఇది మాకు కొత్త సంగతి కాదమ్మా. కొందరిలో ఈ మందు పక్షం మార్చేస్తుంది. మూడు నెలలకోసారి తీసుకొచ్చి ఉంటే నేను ఎప్పుడో ఆపేవాణ్ని. ఆపితే కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. తగ్గినా ఎన్నాళ్ళో చెప్పలేం" అన్నాడు. మాకు ఎలా తెలిసిందని అడిగితే యంత్రం సంగతి, డబ్బా సంగతి చెప్పాను. ఆయన మర్యాదగా నవ్వాడు. అంత పెద్ద యంత్రం, నల్ల కళ్ళద్దాలు, జనరేటరు, మా ఇద్దరి చదువులూ కలిసి కనిపెట్టిన విషయం ఒక రైలు ప్రయాణంతో తెలిసిపోయేదన్నమాట! తిరుగు ప్రయాణంలో సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ముసలాయన అదృష్టవంతుల జాబితాలో పడ్డాడు. రక్తంలో ఆ గుర్తు తగ్గుతూ వచ్చింది. ఒక పొద్దున పెనుకొండలో నేను బండి ఎక్కేసరికి ధర్మవరం తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. "మగ్గం ఎక్కినాడక్కా!" అని అరిచాడు. పెట్టెలో వాళ్ళంతా మా వైపు తిరిగి చూశారు. నేను కూడా సిగ్గు లేకుండా చప్పట్లు కొట్టాను.

మా మందు మాత్రం అక్కడితో ఆగిపోయింది. మారిన డబ్బాలో కూడా మూత పడనివ్వని చెంచా గీయాలని నేను ఇంకొన్నాళ్ళు తంటాలు పడ్డాను. కొన్ని గీశాను, ధర్మవరం వాటిని తయారుచేశాడు, ఏదీ నిలబడలేదు. యజమాని ఓపిక అయిపోయింది. "చెంచా బాగుండాదమ్మా. డబ్బాలే మారిపోతాండాయి. నేను ఎన్ని డబ్బాలకని దుడ్లు పెట్టేది?" అన్నాడు. ఆ యంత్రాన్ని ఒక కాలేజీకి ఇచ్చేశారు. ఏసీ గదిలో స్టోర్సు గుమాస్తా డ్రమ్ములు పెట్టుకున్నాడు. నేను మళ్ళీ సరుకు నాణ్యత పరీక్షల విభాగానికి వెళ్ళి, అక్కడే రిటైరయ్యాను. చాలా ఏళ్ళ తర్వాత పై దేశాల నుంచి కొత్త రకం మందులు వచ్చాయి. మారిన గుంతలో కూడా రిసెప్టరును పని చేయనివ్వకుండా గీసినవి. వాటి బొమ్మ చూసినప్పుడు, మేము ఎంత దగ్గరిదాకా పోయామో, ఎంత దూరంలో ఆగిపోయామో రెండూ కనిపించాయి. అసూయ పడ్డాను, సంతోషించాను కూడా. పిల్లలూ, మీ లెక్క తప్పినప్పుడు ముందు ఎదుటి మనిషిని అనుమానించకండి. ఇంతకు మించి మీకు చెప్పగలిగిన శాస్త్రం నా దగ్గర లేదు.

ఆ మందులు వచ్చేదాకా ముసలాయన లేడు. జబ్బు ఏడాది పైగా ఊరుకుని మళ్ళీ తిరగబడింది. ఈసారి ధర్మవరం ఆలస్యం చేయలేదు, నేరుగా బెంగళూరు తీసుకుపోయాడు. డాక్టరు వేరే మాత్రలు రాశాడు. వాటితో నయం కాదని, నొప్పి మాత్రం తగ్గుతుందని చెప్పాడు.

చివరిసారి నేను చూడబోయినప్పుడు ముసలాయన మంచం మీద ఉన్నాడు. పంచె కప్పిన చీర మగ్గం మీద లేదు. దాన్ని ఎప్పుడో పూర్తిచేసి సేటుకు ఇచ్చేశాడు, సేటు తూకం వేయకుండానే తీసుకున్నాడు. ఆ మాట నాకు ముసలాయనే చెప్పాడు. మాత్ర వేళయింది. ధర్మవరం మాత్రను తండ్రి అరచేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు అందించాడు. ముసలాయన మింగాడు. నాకు కన్ను గీటి, కొడుకు వైపు తిరిగి, నోరు బార్లా తెరిచి చూపించాడు.

"రొంత చూస్కోరా. మింగినానో లేదో."

ధర్మవరం గ్లాసు కింద పెట్టి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నేను చూడను నాయనా. నువ్వు చెప్తే చాలు."